వలల పంటుకు వంతెన

ఆశ్వయుజ బహుళ పాడ్యమి

పొద్దున్నే నా వాటా తుప్పు గీకాను. కొత్త కోరంగిలో వకీలైనా వంటమనిషైనా తన గుమ్మం ముందున్న ఇనుమును తనే గీకాలి. గీకకపోతే కింద తేలుతున్న పంటుకు చిల్లు పడుతుంది, పంటుతో పాటు మనమూ పోతాం. ఈ ఊళ్ళో అందరికీ ఒకేలా వర్తించే చట్టం ఇదొక్కటే. మిగిలిన చట్టాలు మండలి అధ్యక్షుడు ఫల్గుణరావుగారికి రాత్రి తిన్నది అరిగిందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటాయి.

మండలి కూడా రోజూ చరిత్ర రాయిస్తుంది. అందులో తుఫాను సైతం అధ్యక్షులవారి అనుమతి పుచ్చుకునే వస్తుంది. అందుకే నాది నేను వేరుగా రాసుకుంటున్నాను. పేరు యర్రంశెట్టి సుభాషిణి. ఉండేది కోర్టు పంటు మీద. వృత్తి వకీలు. సుభాషిణి అని పేరు పెట్టినవాళ్ళకు నా నోటి సంగతి తెలియదు, పాపం.

సముద్రం పాత ఊళ్ళను మింగాక ఇనుప పంట్లను గొలుసులతో కట్టి, ఒకదాన్నుంచి ఇంకోదానికి వంతెనలు వేసుకుని బతుకుతున్నాం. వైశాఖంలో నాచు దగ్గు వచ్చింది. ఊపిరి నుంచి ఊపిరికి పాకే జబ్బు. వల అల్లేవాళ్ళుండే వలల పంటు మీద మొదట కనబడింది. వంతెనలన్నీ ఎత్తేశారు. మంచిపనే చేశారు, లేకపోతే ఇది రాయడానికి నేనుండేదాన్ని కాదేమో. ఆషాఢానికి దగ్గు ఆగింది. వంతెనలు దిగాయి, వలల పంటుది తప్ప. ప్రతి పున్నమికీ మైకులో అదే పాట: "ముందుజాగ్రత్తగా మరొక్క నెల." వాళ్ళకు బియ్యం తీగ మీద బుట్టలో వెళుతుంది. వాళ్ళు అల్లిన వలలు అదే బుట్టలో ఇవతలికి వస్తాయి. వలలు రావచ్చు. అల్లిన చేతులు రాకూడదు. మా మణికట్టు దీపాలు పచ్చగా వెలుగుతుంటే, వాళ్ళవి మండలి నొక్కిన మీట ప్రకారం ఎర్రగానే ఉంటాయి. ఎర్ర దీపాన్ని చూస్తే ఏ వంతెన గేటూ తెరుచుకోదు.

నిన్న పున్నమి. మళ్ళీ అదే పాట పాడారు. ఈ ఉదయం ఓలేటి పేర్రాజు అనేవాడు వలల పంటు మీంచి సముద్రంలోకి దూకాడు.

వాడి తల్లి నూకాలు, వంతెనలెత్తిన రోజున పక్కనున్న ఉప్పు పంటు మీద ఎండుచేపలు అమ్ముకుంటోంది. అక్కడే చిక్కుకుపోయింది. అప్పట్నుంచీ ఒక ఉప్పు కొట్టు అరుగు మీదే పడక. రోజూ తల్లి ఈ అంచున, కొడుకు ఆ అంచున నిలబడి కేకలతో కబుర్లు చెప్పుకునేవారు. ఇవాళ ఆవిడ తడి చెక్కల మీద జారి పడింది. లేవలేకపోయింది. చుట్టూ జనం మూగారు. మూగి, చూశారు. ఒక్కరూ చెయ్యి వెయ్యలేదు. వలల పంటు మనిషి కదా! వైశాఖం నుంచీ వాళ్ళ కళ్ళముందే ఉంది, ఒక్కసారి దగ్గిన పాపాన పోలేదు. అయినా సరే. అవతలి అంచునుంచి కొడుకు గొంతు చించుకున్నాడు, "ఎవరన్నా లేపండి బాబూ" అని. ఉప్పు పంటు వాళ్ళు ఉప్పు అమ్ముకుంటారే తప్ప తింటున్న జాడ లేదు.

దూకాడు, ఈదాడు, పంటు అంచుకు వేలాడే టైర్లు పట్టుకుని పైకెక్కాడు, తల్లిని భుజాన వేసుకుని, తెరుచుకోని వంతెన గేటును తన్ని తెరిచి, ఆసుపత్రి పంటు దాకా మోసుకెళ్ళాడు. అక్కడ పట్టుకున్నారు. నేరం: ప్రజల ప్రాణాలకు ముప్పు తేవడం.

ఆశ్వయుజ బహుళ విదియ

లాకప్ మా కోర్టు పంటు కింది అంతస్తులో ఉంది. పేర్రాజు ఊచల వెనక మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. బలమైన మనిషి. వేళ్ళనిండా దారం కోసిన గీతలు.

"వకీలమ్మగారూ, మా అమ్మెలాగుందండి?"

"తుంటి విరిగింది. డాక్టర్ ముంతాజ్ కట్టు కట్టింది. మంచంమీంచే తిడుతోందట."

"ఎవర్నండి?"

"నిన్నే. కొత్త చొక్కాతో సముద్రంలో దూకావని."

వాడి మొహం విప్పారింది. "అయితే బాగానే ఉందండి."

మండలి మనిషి వచ్చి, తప్పు ఒప్పుకుంటే మందలించి బుట్టలో తిరిగి పంపేస్తామన్నాడట. ఒప్పుకుంటావా అని అడిగాను.

"దూకానండి. దూకలేదని ఎలాగంటానండి, ఊరంతా చూశారు. తప్పంటే మటుకు ఒప్పుకోనండి. ఆవిడలా పడుంటే చూస్తా నిలబడ్డాళ్ళది తప్పు గానీ..."

నాకు కావలసింది అదే. నాలుగు నెలలుగా వలల పంటు వాళ్ళ తరఫున అర్జీ వెయ్యాలని చూస్తున్నాను. అర్జీదారు స్వయంగా వచ్చి కోర్టులో వేలిముద్ర వేస్తేనే అది చెల్లుతుందని మండలి రూలు. రావాలంటే వంతెన దాటాలి. వంతెన ఎత్తేసి ఉంది. దీన్ని కనిపెట్టిన బుర్రకు ఏదైనా సన్మానం చెయ్యాలి. ఇప్పుడు ఆ మండలే వలల పంటు మనిషిని పట్టుకొచ్చి నా గుమ్మం కింద పెట్టింది. ఊచల్లోంచి చెయ్యి చాపమని వేలిముద్ర వేయించుకున్నాను.

"దీంతో ఏటవుద్దండి?" అన్నాడు.

"నువ్వు దూకడం తప్పా కాదా అని తేల్చాలంటే, అసలు ఆ వంతెన ఎత్తి ఉంచడం ఒప్పా కాదా అని ముందు తేల్చాలి."

"ఆయ్" అన్నాడు. సగమే అర్థమైందని తెలుస్తూనే ఉంది. మా జడ్జిగారికి అర్థమయ్యేదాని కంటే అది ఎక్కువే.

ఆశ్వయుజ బహుళ షష్ఠి

విచారణ. ఫల్గుణరావుగారు మండలి తరఫున తానే వాదించారు. వకీలును పెడితే మధ్యలో అతనికి ఎక్కడ సిగ్గేస్తుందోనని కాబోలు.

"వలల పంటు ప్రమాదకరమని మన యంత్రమే చెబుతోందండి" అన్నారు. మండలి గదిలో ఒక లెక్కల యంత్రముంది. ఏ పంటుకు ఎంత ముప్పో నెలనెలా అది తేలుస్తుంది. ఊరు దాన్ని సోదె చెప్పేదానిలా నమ్ముతుంది. సోదె చెప్పేదాన్నయితే కనీసం ఎదురు ప్రశ్న అడుగుతారు.

"ఆ పంటు మీద ఎవరైనా దగ్గుతున్నారా?" అడిగాను.

"లేదు."

"మరి యంత్రం ముప్పని ఎందుకంటోంది?"

"ఆ పంటు మూసి ఉంది కదమ్మా. మూసి ఉన్నదాన్ని ముప్పున్న పంటుగానే లెక్క కడుతుంది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. జడ్జి మృత్యుంజయంగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "అంటే, మూశాం కాబట్టి ముప్పు. ముప్పు కాబట్టి మూశాం. అంతేనాండీ?"

"ఒక విధంగా అంతేనండి" అన్నారు అధ్యక్షులు, ఏమాత్రం తడుముకోకుండా. తర్వాత నా వైపు తిరిగారు. "అమ్మా, ఒక్కడి స్వేచ్ఛ గొప్పదే. రేపు వంతెన దించాక ఒక్క పిల్లవాడు దగ్గి చచ్చిపోతే, ఆ తల్లికి నువ్వు జవాబు చెబుతావా?"

ఆయన నోటినుంచి వచ్చిన మాటల్లో నన్ను గుచ్చుకున్నది ఇదొక్కటే. మూర్ఖుడి చేతిలో ఉన్నా సూది సూదే.

తర్వాత డాక్టర్ ముంతాజ్ వచ్చింది. వైశాఖంలో ఆవిడ తమ్ముడు ఈ దగ్గుతోనే పోయాడు. అయినా నాకు అనుకూలంగా చెబుతుందనుకున్నాను.

"వంతెనలు ఎత్తమన్నది నేనేనండి. ఎత్తబట్టే చాలామంది మిగిలారు. ఇప్పుడు వలల పంటు మీద రోగులు లేరు. అయితే మళ్ళీ రాదని మాత్రం చెప్పలేను."

జడ్జిగారు విసుక్కున్నారు. "తెరవచ్చా కూడదా, ఒక్క మాటలో చెప్పండి డాక్టరుగారూ."

"అది నన్నడిగే మాట కాదండి. ముప్పు ఎంతో నేను చెబుతాను. దాన్ని ఎవరి నెత్తిన పెట్టాలో మీరు చెప్పాలి."

ఇంత నిజాయితీ కోర్టులో ఎవరికీ పనికిరాదు. ఆవిడ మీద నాకు కోపమొచ్చింది. ఇంటికొచ్చి అన్నం తింటుంటే ఆ కోపం పోయింది.

ఆశ్వయుజ బహుళ నవమి

గెలిచాం. గొప్పగా రాసుకోవాలని ఉంది కానీ, జరిగింది జరిగినట్టే రాస్తాను.

చివరి వాదనలో నేను మూడే మాటలన్నాను. మూసేవాడు కారణం చెప్పాలి. ఎప్పటివరకో చెప్పాలి. లోపలివాళ్ళ మాట వినాలి. మృత్యుంజయంగారు రెండు వైపులా తల ఊపుతూ కూర్చున్నారు. గాలి ఎటు వీస్తే అటు తీర్పిచ్చే మనిషి. సరిగ్గా అప్పుడు ఫల్గుణరావుగారు లేచి, "ఏ తీర్పిచ్చినా చూసుకుని ఇవ్వండి. ఈ కోర్టు కూడా మండలి కట్టిన పంటు మీదే తేలుతోంది" అన్నారు.

జడ్జిగారి చెవులు ఎర్రబడ్డాయి. అక్కడికక్కడే ఉత్తర్వు రాసేశారు. వంతెన దించమన్నారు, దీపాలు పచ్చగా మార్చమన్నారు, పేర్రాజును విడిచిపెట్టమన్నారు. న్యాయం గెలిచిందని బయట అరుస్తున్నారు. గెలిచింది జడ్జిగారి రోషం. పోనీ, ఏదైతేనేం, వంతెన దిగుతుంది.

ఆశ్వయుజ బహుళ దశమి

గొలుసులు తుప్పు పట్టి వంతెన ఒక పట్టాన కదల్లేదు. వలల పంటు వాళ్ళే కొబ్బరినూనె పోసి, కిందనుంచి తాళ్ళతో లాగి దించుకున్నారు. మొదట ఒక ముసలాయన ఒక్క అడుగు వేసి, మణికట్టు చూసుకుని, ఇంకో అడుగు వేశాడు. ఆ తర్వాత అందరూ పరుగే. పేర్రాజు ఎదురు పరుగెత్తి పెళ్ళాన్ని తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. నూకాలు కోడలితో మొట్టమొదట అన్న మాట: "ఏవే, చిక్కిపోయావ్? వాడు వండి పెట్టట్లేదా?"

నేను చాలా ఏళ్ళ తర్వాత ఎవరినీ తిట్టకుండా ఒక పూట గడిపాను.

కార్తీక శుద్ధ సప్తమి

దగ్గు మళ్ళీ వచ్చింది.

మొదట ఉప్పు పంటు మీద. తర్వాత మా కోర్టు పంటు మీద, అధ్యక్షులవారి బంగళా వెనక వీధిలోనే. ఈ సాయంత్రం ఆసుపత్రిలో నూకాలుకు. ఎక్కణ్ణుంచి వచ్చిందో ముంతాజ్‌కే తెలియదు. ఊరికి మాత్రం తెలుసు. నా గుమ్మం మీద చేపల పేగులు విసిరారు. "వకీలమ్మా, తృప్తిగా ఉందా?" అని కిటికీలోంచి ఒకావిడ అరిచింది. వంతెన దిగిన రోజున నాకు పరవాన్నం పంపింది ఈవిడే. గిన్నె ఇంకా నా దగ్గరే ఉంది.

పేగులు కడిగేశాను. వలల పంటు మీద ఒక్క రోగి కూడా లేడు. అయినా ఆ వంతెనే ఎత్తాలని మండలి రేపు కోర్టుకు వెళుతోంది.

ఊళ్ళో అందర్నీ తిట్టడానికి నా దగ్గర మాటలున్నాయి. నూకాలు సంగతి తెలిశాక నన్ను నేను తిట్టుకుందామంటే మాట దొరకలేదు. ఇది నాకు కొత్త.

కార్తీక శుద్ధ అష్టమి

కోర్టులో అందరూ మూతులకు గుడ్డలు కట్టుకుని దూరదూరంగా కూర్చున్నారు. నేను లేవగానే గుసగుసలు ఆగిపోయాయి. మళ్ళీ స్వేచ్ఛ అంటుందని ఎదురుచూస్తున్నారు.

"వంతెనలు ఎత్తాల్సిందే" అన్నాను.

ఫల్గుణరావుగారు చిరునవ్వుతో వెనక్కి వాలారు.

"ఉప్పు పంటుది, ఆసుపత్రిది, కోర్టు పంటుది. రోగులున్నది అక్కడ. వలల పంటుది అక్కర్లేదు."

ఆయన వాలినంత వేగంగా లేచారు. "కోర్టు పంటా? మా... అంటే, ఊరి పెద్దలంతా ఉండేది ఇక్కడే కదండీ!"

"దగ్గుకు ఆ సంగతి తెలిసినట్టు లేదండి" అన్నాను.

జడ్జిగారు మెల్లగా అడిగారు: "వకీలుగారూ, మీరుండేదీ ఈ పంటు మీదే కదా?"

"మీరూనండి."

ముంతాజ్‌ను పిలిచారు. రోగులున్న చోట మూస్తే ఉపయోగముంటుంది, లేనిచోట మూస్తే ఉండదు అని చెప్పింది. ఈసారి ఒక్క మాటలోనే తేల్చింది. ఉత్తర్వు మధ్యాహ్నానికి తయారైంది. కారణం మైకులో చదవాలి. కార్తీక బహుళ దశమి వరకే. పొడిగించాలంటే ముందు లోపలివాళ్ళను విచారించాలి. రోగి దగ్గరికి అయినవాళ్ళలో ఒకరు వెళ్ళవచ్చు. వెళితే చివరిదాకా అక్కడే ఉండాలి. అయినవాళ్ళను వెళ్ళనివ్వడం కోసం గంటసేపు పోట్లాడాను.

వంతెన లేవకముందే పేర్రాజు చిన్న సంచీతో ఆసుపత్రికి వెళ్ళిపోయాడు. నా మణికట్టు దీపం ఎర్రగా మారింది. చూడ్డానికి వికారంగా ఉంది. ఇన్ని నెలలు దీన్ని కట్టుకుని వాళ్ళు అన్నమెలా తిన్నారో!

కార్తీక శుద్ధ త్రయోదశి

తలుపు తడితే తీశాను. దూరంగా, కానిస్టేబులు కంటపడకుండా గొడుగు చాటున ఫల్గుణరావుగారు. గడ్డం మాసిపోయింది.

"సుభాషిణమ్మా, ఒక అర్జీ వెయ్యాలి."

"ఎవరిదండి?"

"నాదే." గొంతు తగ్గించారు. "మనిషన్నాక కొన్ని ప్రాథమిక హక్కులుంటాయి కదమ్మా. పంటు మూస్తే మూశారు, గుమ్మం దాటితే కానిస్టేబులు ఈల వేస్తున్నాడు. పొద్దున్న నాలుగడుగులు వెయ్యకపోతే నాకు ఊపిరాడదు. ఆ గోడలే చూసీ చూసీ పిచ్చెక్కుతోంది."

"వలల పంటు వాళ్ళు వైశాఖం నుంచీ చూశారండి."

"వాళ్ళకి అలవాటే కదమ్మా" అన్నారు. ఎగతాళి కాదు. నిజంగానే అలా అనుకుంటున్నారు. ఈ మనిషిని ఇన్నాళ్ళూ దుర్మార్గుడనుకున్నాను. ఆయన అంత శ్రమ కూడా పడలేదు. ఆయన కంటికి వాళ్ళు కనబడలేదు, అంతే.

తలుపు మొహాన వేసేద్దామనిపించింది. కానీ లోపలివాళ్ళ మాట వినాలని అరిచిందాన్ని నేనే. లోపలివాళ్ళంటే నాకు నచ్చినవాళ్ళే అని అనలేదు. అర్జీ రాశాను. ఆ మధ్యాహ్నమే మైకులో విచారణ. వచ్చిన వాదనంతా వాదించాను. పేర్రాజు కోసం ఎంత వాదించానో అంతా. వంతెన దించమంటే జడ్జిగారు కుదరదన్నారు, ఎందుకో చదివి వినిపించారు. పంటు అంచున ఒక్కొక్కరే, వంతులవారీగా నడవడానికి మాత్రం ఒప్పుకున్నారు. అధ్యక్షులవారికి కాదు, పంటు మీదున్న అందరికీ.

"ఇది అన్యాయం" అన్నారు ఫల్గుణరావుగారు. మండలి చరిత్రలో ఆ మాట ఉండదు కనుక ఇక్కడ రాస్తున్నాను. ఆయన వంతు ఉప్పు పంటు నుంచి వచ్చి ఇక్కడ చిక్కుకుపోయిన కూలీ తర్వాత వచ్చింది. గొడుగుతో నిలబడి ఆగారు. కూలీ తొందరపడకుండా, హాయిగా నడిచాడు.

కార్తీక బహుళ తదియ

నూకాలు తెల్లవారకముందే పోయిందని మైకులో చెప్పారు. పేరు తప్పు చదివారు. నేను నా నడక వంతులో మైకు దగ్గరికి వెళ్ళి సరిచేయించాను. చెయ్యగలిగింది అంతే.

పొయ్యి వెలిగించలేదు. వీధిలో ఎవరో, "చూశావా, ఆ వంతెన దించకపోయుంటే..." అంటున్నారు. ఆవిడ పడిపోయిన రోజున చేతులు కట్టుకుని చూసినవాళ్ళకు ఇప్పుడు ఆవిడ ప్రాణం మీద ఎంత ప్రేమో!

కార్తీక బహుళ దశమి

ఉదయం మైకులో ముంతాజ్ గొంతు వినబడింది. కొత్త రోగులు లేరట. పొడిగించమని ఎవరూ అడగలేదు. చెప్పిన రోజుకే వంతెనలు దిగాయి. జనం ఇదేదో వింతలా చూశారు. చెప్పిన రోజుకు ఒక పని జరగడం ఈ ఊళ్ళో వింతే.

పేర్రాజు ఆసుపత్రి నుంచి సరాసరి నా దగ్గరికి వచ్చాడు. వాడికీ దగ్గు వచ్చి తగ్గిందట, సగమయ్యాడు. కుర్చీ వేశాను.

"ఆఖర్న జావ పట్టానండి" అన్నాడు. "ఉప్పు లేదని నన్ను తిట్టిందండి. ఆ తర్వాత ఇంకేం మాటాడలేదు. చెయ్యి మటుకు వదల్లేదండి."

నేను మంచినీళ్ళ గ్లాసు వాడి ముందు పెట్టాను.

"వకీలమ్మగారూ, ఒక్కటడుగుతాను. ఆ వంతెన దిగకపోయుంటే మా అమ్మకి దగ్గొచ్చేదాండి?"

అడ్డగోలు ప్రశ్నకైనా ఎదురు జవాబు చెప్పడం నా వృత్తి. "తెలియదు పేర్రాజూ" అన్నాను. "వచ్చేదేమో. రాకపోయేదేమో."

వాడు తల ఊపాడు. "డాక్టరమ్మ కూడా అంతే అందండి. నాకూ తెలీదండి. అదే అరుగు మీద ఇంకో ఏడాది బతికేదేమో. నేను అవతలంచునుంచి చూసేవోణ్ణి." గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాడు. "మళ్ళీ దింపమనే అంటానండి."

ఇంటికి వెళ్ళాలి, పెళ్ళాం ఎదురుచూస్తుందన్నాడు. మెట్టు మెట్టుకీ ఆగి, గోడ పట్టుకుంటూ దిగాడు. నేనూ చెప్పులేసుకున్నాను.

వలల పంటు వంతెన దగ్గర పండగ రోజంత జనం. అందరి దీపాలూ పచ్చగానే ఉన్నాయి. అయినా వీణ్ణి చూడగానే కొందరు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు, కొందరు వెనక్కి తిరిగారు. పేర్రాజు అలవాటుగా ఒక పక్కకు, రెయిలింగు వారకు జరిగాడు.

నేను వాడి చెయ్యి పట్టుకుని మధ్యకు లాగాను. "ఇటు నడు. ఒరుసుకోవడం ఇష్టంలేనివాళ్ళు వాళ్ళే వారగా పోతారు."

పోయారు. ఈ చివరినుంచి ఆ చివరిదాకా మేమిద్దరం వంతెన మధ్యలోనే, వాడి నడక ఎంత మెల్లగా సాగితే అంత మెల్లగా నడిచాం.